మూడో అంతస్తు కార్డు

సర్కారు భవనాల్లో కరెంటు ఆదా చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా ఆఫీసు వరండాల్లో సగం ట్యూబులైట్లు పీకేశారు. లిఫ్టులో నా నెత్తిమీది ఫ్యాను ఆపేశారు. వీటన్నిటికీ పెద్ద ఒక ఇంజనీరు. పిసినారి చేతికి తాళంచెవి ఇచ్చినట్టయింది. అందరూ ఆయన్ని ఆదా సారు అనేవారు.

మూడో అంతస్తు దాకా పనిచేసేవాళ్లు మెట్లెక్కాలి, లిఫ్టు ఆ పైవాళ్లకే అన్నాడు. జనం తక్కువ తిన్నారా? నాలుగుకెక్కి ఒక అంతస్తు దిగేవారు. అది పసిగట్టి, అంతస్తు నంబరున్న గుర్తింపు కార్డు చూసి మరీ ఎక్కించమన్నాడు. చూడాల్సింది లిఫ్టు నడిపే నేను.

మా ఆవిడ మూడో అంతస్తు ఊడ్చేది. గుండె జబ్బు. మెట్లెక్కొద్దని డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని ఆదా సారు దగ్గరికి వెళ్లాను.

"ఇవాళ నీ పెళ్లాం, రేపు ఇంకొకడి అత్తగారు. రూలంటే రూలేనయ్యా," అన్నాడు. చీటీ చదవలేదు.

అయినా లిఫ్టు తలుపు తీసి పట్టుకున్నాను. "ఎక్కు. ఎవరూ చూడరు."

"నీ ఉద్యోగం ఊడితే ఇంట్లో కూర్చుని నా బుర్ర తింటావు. వద్దు మహానుభావా," అని నవ్వింది. బకెట్టు తీసుకుని మెట్లవైపు వెళ్లింది.

రెండో అంతస్తు మలుపులో కూర్చుంది. మళ్లీ లేవలేదు.

ఆ ఏడే మా భవనానికి పొదుపులో అయిదు నక్షత్రాలిచ్చారు. ఇత్తడి పలక గుమ్మం పక్కన బిగించారు. తుడిచేదీ నేనే.

తర్వాత ఏసీల ఖర్చని ఆదా సారు కూర్చునే ఆరో అంతస్తు మూసేశారు. ఆయన గది మూడో అంతస్తుకు మారింది. ఆయన అప్పుడు సెలవులో ఉన్నాడు. గుండెకి ఆపరేషనట.

నిన్న వచ్చాడు. మొహం పాలిపోయింది. లిఫ్టులోకి రాబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"కార్డు సార్."

"నేనెవరో తెలీదేంటయ్యా?"

"తెలుసు సార్. మూడో అంతస్తు."

"డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు."

"మా ఆవిడకీ అదే అన్నాడు సార్."

ఆయన గొంతు తగ్గింది. "ఈ ఒక్కసారికి పోనియ్యి. రూలు పెట్టింది నేనేగా."

"అయితే తీసేశానని రాసివ్వండి. అందరికీ."

పలకవైపు చూశాడు. "వచ్చే వారం మళ్లీ తనిఖీ. అది పోతే నా ప్రమోషన్ గోవిందా. అయ్యాక చూద్దాం."

"అందాకా మెట్లున్నాయి సార్."

"నీ సంగతి చూస్తా."

"చూడండి. నిండా మునిగినవాడికి చలేమిటి?"

గోడ పట్టుకుని ఎక్కసాగాడు. నేను స్టూలు మీద కూర్చుని విన్నాను. బూట్ల చప్పుడు ఒకటో అంతస్తు దాటింది. రెండో అంతస్తు మలుపులో ఆగిపోయింది.

కోపం లేదు. జాలీ లేదు. వస్తాయేమోనని చూశాను. రాలేదు.

కాసేపటికి చప్పుడు మళ్లీ మొదలైంది. ఆవిడది మొదలవలేదు.

ఎవరో వచ్చి కార్డు చూపించారు. అయిదో అంతస్తు. తలుపు మూసి మీట నొక్కాను.