పదహారు వందల కిలోమీటర్ల సీటు

సీటు లేదు.

బ్రేకు తీగ మార్చమని నిన్న బావ కొట్లో వదిలిన సైకిలు గోడకి ఆనుకునే ఉంది. తోలు సీటు ఉండాల్సిన చోట మాత్రం నల్లటి ప్లాస్టిక్ సీటు ఉంది. ఇరవై ఏళ్లుగా తాళాలు బాగుచేసే మనిషికి, వస్తువు కనబడకపోతే ముందు దొంగే గుర్తొస్తాడు. కానీ ఏ దొంగా బదులు సీటు బిగించి పోడు.

ఎల్లుండి, శనివారమే రైడు. అందులో గెలవనక్కర్లేదు. నాలుగు వందల కిలోమీటర్లు ఇరవై ఏడు గంటల్లో తొక్కి కార్డు మీద ముద్ర వేయించుకుంటే చాలు. ఆ ముద్ర లేనివాళ్లని వచ్చే ఏడాది పెద్ద యాత్రకి రానివ్వరు. తాళాలాయన ఇప్పటికి రెండుసార్లు మధ్యలో దిగిపోయాడు. కాళ్లు బాగానే ఉన్నాయి, ఊపిరీ బాగానే ఉంది. కూర్చునే చోట పుండ్లు పడ్డాయి. ఆరు సీట్లు మార్చాడు. ఆరోదాన్ని చూసి అక్క, "సింహాసనాలకి కూడా ఇన్ని తిప్పలుండవురా" అంది.

అప్పుడే బావ ఈ తోలు సీటు తెచ్చాడు. ముందు అట్టముక్క మీద కూర్చోబెట్టి, ఎముకలు దిగిన రెండు గుంటల మధ్య దూరం స్కేలుతో కొలిచాడు.

"నూట ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు. దీనికోసమే పుట్టావు బామ్మర్దీ. మొదట్లో రాయిలా ఉంటుంది, వదలకు."

నిజంగా రాయే. నాలుగు నెలలు, పనికి వెళ్లేముందు రోజూ పళ్ల బిగువున తొక్కాడు. పదహారు వందల కిలోమీటర్లకి ఆ రాయి అతని ఒంటికి పోతపోసినట్టు తయారైంది.

ఇప్పుడది కొట్టు మూలన, బావ తమ్ముడి సైకిలు మీద ఉంది.

"బావా, అది నాది కదా."

బావ పానా తుడుస్తూ తలెత్తలేదు. "తొక్కమని ఇచ్చాను. నీదని ఎప్పుడన్నాను?"

"మరెవరిది?"

"మా తమ్ముడిది. శనివారం వాడూ తొక్కుతున్నాడు, వాడి కొలతా నూట ఇరవై ఎనిమిదే. వాడు సుకుమారం, కొత్త తోలు మీద వారం కూడా నిలవడు. నీకైతే ఓపికెక్కువ. ఎవరో ఒకరు దాన్ని దారికి తేవాలిగా."

"కొత్త చెప్పులు కరుస్తాయని నా కాళ్లకి తొడిగావన్నమాట."

"అంత మాటెందుకు? రైడు అయ్యాక నువ్వే పట్టుకుపో. పరాయివాళ్లమా?"

అంతలో అక్క టీ ఫ్లాస్కుతో లోపలికొచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నీకు తెలుసా అక్కా?"

అక్క ఫ్లాస్కు మూత బిగించింది. బిగిసిన మూతనే మళ్లీ బిగించింది. "తెచ్చినరోజే చెప్పారు. నువ్వు సర్దుకుపోతావులే అనుకున్నానురా. చిన్నప్పట్నుంచీ నువ్వంతే కదా."

నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం అక్క ఫోన్ చేసేది. "సీటు మెత్తబడిందా?" అని అడిగేది. పుండ్లతో తమ్ముడు పడుతున్న బాధ తెలిసి అడుగుతోందని మురిసిపోయాడు. బావ మీద కోపం వచ్చింది గానీ, అక్క మీద అదీ రాలేదు. ప్లాస్టిక్ సీటుతోనే సైకిలు నడిపించుకుని బయటికి వచ్చేశాడు.

శనివారం నూట నలభయ్యో కిలోమీటరు దగ్గర మంట మొదలైంది. రెండు వందల దగ్గర, కార్డులు చూసే చెక్‌పోస్టు చేరేసరికి సగం దూరం నిలబడే తొక్కుతున్నాడు. ఇంకా సగం మిగిలి ఉంది.

చెక్‌పోస్టు మెట్ల పక్కన బావ తమ్ముడు బోర్లా పడుకుని ఉన్నాడు.

"అన్నా, ఇది సీటు కాదు, పాతపగ. మీరే ఇచ్చారని అన్నయ్య చెప్పాడు. ఎట్లా కూర్చున్నారన్నా దీనిమీద?"

తాళాలాయన వంగి చూశాడు. ఎడమ గుంట కుడిదానికంటే బాగా లోతు. పనిబల్ల ముందు ఎడమ పక్కకి వాలి కూర్చుని కూర్చుని అతని నడుమే అలా అయిపోయింది. బావ ఎముకల వెడల్పు కొలిచాడు గానీ వాలు కొలవలేదు.

తమ్ముడి వెనకే తోలుకొచ్చిన వ్యాను దిగి బావ పానాతో వచ్చాడు. "మావాడు దిగిపోతున్నాడు. మార్చేద్దాం బామ్మర్దీ. నీది నీకే."

"ఇప్పుడు నాదైందా?"

బావ పానా ముందుకి చాపాడు. వద్దనే మాట తాళాలాయన నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కార్డు మీద ఇంకా ముద్ర పడలేదు. పానా అందుకున్నాడు. బావ సైకిలు పట్టుకోబోయాడు.

"మీరు పట్టుకోకండి."

తనే బిగించుకున్నాడు. కూర్చోగానే తోలు అతన్ని గుర్తుపట్టింది. ఆ సుఖానికి ఏడుపొచ్చినంత పనైంది. వ్యాను వెనకే హారను కొడుతూ కొంతదూరం వచ్చింది. అతను తల తిప్పలేదు.

ఆదివారం ఉదయం, గడువుకి నలభై నిమిషాల ముందు కార్డు మీద ముద్ర పడింది.

అక్క తువ్వాలుతో ఎదురొచ్చింది. అతను తువ్వాలు తీసుకోలేదు. సంచిలోంచి పానా తీసి, సీటు ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు.

"బావ సొత్తు. అప్పజెప్పు."

"ఇంకా పెద్ద యాత్ర ఉందిగా తమ్ముడూ. అప్పుడు దేనిమీద కూర్చుంటావురా?"

"ఇంకోటి మెత్తబరుచుకుంటాను. ఈసారి ఎవరిదో ముందే అడుగుతా."

అక్క ఏదో అనబోయింది. అతను అప్పటికే రోడ్డు మీదున్నాడు. సీటు లేని సైకిలుని నడిపించుకుంటూ, ఎడమ పక్కకి కొద్దిగా వాలి, ఇంటివైపు ఆరు కిలోమీటర్లు.