ఎర్రకుంట మలుపులో నా కొలువు

నేను ఒక స్పీడ్ గన్‌ను. పేరులో తుపాకీ ఉన్న మాటే గాని, నా వల్ల ఇంతవరకు ఒక్క ప్రాణం పోలేదు. మనశ్శాంతి పోగొట్టుకున్నవాళ్లు మాత్రం ఈ జిల్లాలో ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు.

ఎక్కడో దూరంగా ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. తెల్లకోట్లు వేసుకున్నవాళ్లు నన్ను ఒక గోడకు గురిపెట్టి, నేను సున్నా చూపించేదాకా వదిలిపెట్టలేదు. గోడ కదలదని తెలుసుకోవడమే నా మొదటి చదువు.

నా పని తేలికగానే చెప్పొచ్చు. ఎదురుగా వచ్చే బండి మీదికి మీ కంటికి కనబడని కాంతి తునకలను ఒకదాని వెంట ఒకటి విసురుతాను. అవి బండిని తాకి వెనక్కి వస్తాయి. రావడానికి పట్టిన సమయాన్ని బట్టి బండి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఆ దూరం ఎంత తొందరగా తరిగిపోతుందో చూసుకుంటే వేగం తేలిపోతుంది. రెప్పపాటులో అయిపోయే లెక్క ఇది. వేగం హద్దు మీరితే ఫొటో తీస్తాను. బండి నంబరు, తేదీ, చోటు అన్నీ ఆ ఫొటోలోనే ఉంటాయి. తర్వాత చలానా దానంతటదే బండి యజమాని సెల్‌ఫోనుకు చేరుతుంది.

జిల్లాకు వచ్చిన రోజు పోలీసు స్టేషన్లో నాకు నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టి, ప్రేమ కొద్దీ అద్దానికి కూడా గంధం పూశారు. ఏఎస్సై లింగస్వామి తన చేతిరుమాలుతో తుడిచేదాకా నాకు జిల్లా మొత్తం మసకగానే కనబడింది. ఆ రోజు నుంచి ఆయనే నాకు దిక్కు. సన్నని మనిషి. నన్ను మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి, ఎండ పడకుండా తన గొడుగు నాకు పట్టి, తాను మాత్రం ఎండలో నిలబడేవాడు.

మా ఇద్దరినీ హైవే మీద ఎర్రకుంట మలుపు దగ్గర పెట్టారు. మొదట్లో నాకు చేతినిండా పనే. మనుషులకు ఎంత తొందరో అక్కడే తెలిసింది. అంత తొందరగా వెళ్లినవాళ్లే మలుపు దాటాక చెట్టు కింద బండి ఆపుకొని అరగంట ఫోను మాట్లాడేవాళ్లు.

శేషాచార్యులు అనే పురోహితుడు ఒకే పొద్దున రెండు పెళ్లిళ్లు ఒప్పుకొని, మోటారు సైకిలు మీద పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి నాకు దొరికాడు. మర్నాడు ఫోను పట్టుకొని నేరుగా మా దగ్గరికే వచ్చాడు.

“ఇది నేను కాదు నాయనా” అన్నాడు.

లింగస్వామి ఫొటోను పెద్దది చేసి చూపించాడు. “అయ్యగారూ, గాలికి లేసిన ఈ పిలక మీదే గద?”

“పిలక నాదే. ఆ వేగం నాది కాదు, ముహూర్తానిది.”

“పిలక గింత మంచిగ కనవడ్డదంటే నెత్తి మీద హెల్మెట్ లేనట్టే గద అయ్యగారూ. అది గూడ రాయాల్నా?”

ఆచార్యులవారు చాలా నెమ్మదిగా బండి నడుపుకుంటూ వెళ్లిపోయారు.

అలాంటి వైభవం కొన్నాళ్లే సాగింది. ఆ తర్వాత బండ్లన్నీ పెళ్లిచూపులకు వచ్చిన పెళ్లికొడుకుల్లా ఒద్దికగా రాసాగాయి. లారీలు, కార్లు, ఆఖరికి కాలేజీ కుర్రాళ్ల బండ్లు కూడా హద్దుకు కాస్త లోపలే. నేను కాంతి విసరడం, అది ఉత్త చేతులతో తిరిగి రావడం. కేసులు పడకపోయేసరికి లింగస్వామి పైఅధికారి సర్కిల్ సార్ ఫోనులో గట్టిగా అరిచారు. “గన్ను పెట్టి నిద్ర పోతున్నవా లింగస్వామీ?” అనడం నాకు కూడా వినబడింది.

లింగస్వామి ముందు నన్నే అనుమానించాడు. నెమ్మదిగా తట్టాడు, ఊదాడు, మైలురాయికి గురిపెట్టాడు. సున్నా చూపించాను. నాకైతే ఏడుపొక్కటే తక్కువ. చివరికి నన్ను స్టాండుతో సహా భుజాన వేసుకొని, బండ్లు వచ్చే వైపు మలుపు దాటి నడిచాడు.

అక్కడ ఒక రేకుల షెడ్డు. సత్తెమ్మ చాయ్ హోటలు. దాని ముందు పొడుగాటి వెదురుగడకు నిప్పులాంటి ఎర్రచీర ఎగురుతోంది. దూరం నుంచి దూసుకొస్తున్న బండ్లు ఆ చీరను చూడగానే వేగం తగ్గించి, హారన్‌తో హోటలామెకు ఒక దండం పెట్టి ముందుకు వెళ్తున్నాయి.

ఖాకీ బట్టలు కనబడగానే సత్తెమ్మ గబగబా గడ దగ్గరికి వచ్చింది. “ఆరింది సార్, తీస్తున్న.”

“వానకాలం నుంచి ఆరేస్తనే ఉన్నవా?”

“వానకాలంల ఆరదు గద సార్. అందుకే తియ్యలే.”

అంతలో ఒక లారీ డ్రైవరు, షెడ్డు నీడలో ఉన్న లింగస్వామిని చూసుకోకుండా కిటికీలోంచి కేకేశాడు. “అక్కా, ఇయ్యాల గూడ ఉన్నరా వాళ్లు?”

సత్తెమ్మ తల దించుకుంది. లింగస్వామి కోపంగా బల్ల మీద కూర్చున్నాడు. నన్ను పక్కనే కూర్చోబెట్టాడు.

“నీ గిరాకీ కోసం మా కొలువు తీస్తవా? కేసు పెట్టమంటవా నీ మీద?”

ఆమె చాయ్ గ్లాసు ఆయన ముందు పెట్టి, షెడ్డు వెనక బర్రెలకు కుడితి పోస్తున్న ముసలాయన్ను చూపించింది.

“మా ఆయన, బక్కయ్య. రెండు చెవులూ వినవడయి. బర్రెలు మేసే చెలక రోడ్డుకు ఆవలి దిక్కుంది. పొద్దున బర్రెలను తోలుకొని పోతడు, మాపటికి వస్తడు. పోయినేడు ఒక కారు వచ్చి బర్రెను గుద్దింది. దాని తాడు ఈయన చేతిలనే ఉండె సార్. బర్రె చచ్చింది, ఈయన మిగిలిండు. మీరు ఫొటో తీసుడు మంచిదే. కని, గుద్దినంక ఫోనుకు చలానా వస్తే నాకేం ఫాయిదా?”

లింగస్వామి గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

“నువ్వే చెప్పు సార్. బండ్లు మెల్లగ పోవాల్నా, కేసులు కావాల్నా?”

ఆయన చాయ్ తాగడం పూర్తి చేశాడు. ఇంకొకటి అడిగి అది కూడా తాగాడు. లేచేటప్పుడు చీర వైపు చూసి, “గడ వంగింది. గట్టిగ పాతు, గాలికి పడ్తది” అని మాత్రం అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎక్కడెక్కడి నుంచో తెప్పించిన అద్దాలు, అంత లెక్క, అంత వెలుగు నాలో ఉంటే, ఒక పాత చీర నా కొలువు చేస్తుందా? ఆమె మాటను నేను కూడా కాదనలేకపోయానన్నది వేరే సంగతి.

కేసులు ఎందుకు పడటం లేదో లింగస్వామి పైకి చెప్పలేదు. “జనం మారిన్రు సార్” అన్నాడు. మారిన జనంతో పనేముంది? సర్కిల్ సార్ నన్ను వేరే రోడ్డుకు మార్చారు. అక్కడ జనం ఇంకా మారలేదు కాబట్టి నాకు మళ్లీ పని దొరికింది. ఎర్రకుంట సంగతి తలుచుకున్నప్పుడల్లా లింగస్వామి దిగులుపడేవాడు. గన్ను లేదని డ్రైవర్లకు తెలిసిపోతే బక్కయ్య గతేమిటని ఒక్కడే గొణుక్కునేవాడు.

కొన్ని నెలల తర్వాత జిల్లా ఆఫీసులో మీటింగు ఉందని సర్కిల్ సార్ జీపులో బయలుదేరారు. నన్ను తనిఖీకి ఇవ్వాలని లింగస్వామి పెట్టెతో సహా ఒళ్లో పెట్టుకొని వెనక కూర్చున్నాడు. ఆలస్యమైందని సార్ డ్రైవరు ఐలేశ్‌ను తొందరపెడుతూనే ఉన్నారు. ఎర్రకుంట దగ్గరికి వచ్చేసరికి ఐలేశ్ ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు. నా పెట్టె ముందు సీటుకు కొట్టుకుంది.

“ఏమైందిరా?”

“ఎర్రచీర ఉంది సార్. ఈడ స్పీడ్ గన్ పెడ్తరు.”

“పిచ్చోడా, దాన్ని నేనే తీయించిన గద! ఇగో, మన ఎనకనే ఉంది!”

“మీరు తీయించిన్రు సార్. ఆమె తియ్యలే గద” అన్నాడు ఐలేశ్, కాలు బ్రేకు మీది నుంచి తియ్యకుండానే.

సార్ ఏదో అనబోయేలోపు మలుపు చాటు నుంచి బక్కయ్య బర్రెలతో రోడ్డెక్కాడు. ఎటూ చూడలేదు. జీపు ఆగిపోయింది. వెనక లారీ ఆగింది, దాని వెనక బస్సు ఆగింది. సార్ హారన్ వైపు చెయ్యి చాపారు.

“ఎంత కొట్టినా ఆయనకు వినవడది సార్” అన్నాడు లింగస్వామి మెల్లగా. “పోనీయుండ్రి.”

సార్ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తోకలు ఊపుకుంటూ పోతున్న బర్రెలను, ఆ ముసలాయన్ను, చీరను మార్చి మార్చి చూశారు. వాటిలో ఒక బర్రె దారి తప్పి, తిన్నగా మా జీపు మీదికే నడిచి రాసాగింది. సార్ వెనక్కి తిరిగి, “ఏది, ఇటియ్యి” అని నన్ను పెట్టెలోంచి తీయించి, దాని నొసటికి గురిపెట్టారు.

మూడు అని చూపించాను.

“కేసు లేదు” అన్నారు సర్కిల్ సార్. జీపులో ముగ్గురూ నవ్వుతుండగా, బక్కయ్య ఆ బర్రెను కొమ్ము పట్టుకొని అవతలికి మళ్లించుకుపోయాడు.