టీవీ వెనక కిటికీ

వానాకాలం కర్టెన్లు తగిలిద్దామని స్టూలెక్కితే, "కొంచెం పక్కకి జరుగు, స్కోరు కనపడట్లేదు" అన్నాడు మా ఆయన. జరిగాను. మా హాల్లో కిటికీ సరిగ్గా టీవీ వెనకే ఉంటుంది. టీవీ చూసేవాళ్ళు చచ్చినట్టు ఆ కిటికీని కూడా చూడాల్సిందేనని చాలా ఏళ్ళు నమ్మాను.

ఈ ఇంటికి కాలం మారిందని చెప్పేది నేనే. ఎండలకి లేత రంగు నూలు గుడ్డలు. మబ్బు పట్టి గది చీకటి కొట్టే రోజులకి వెలుగు రంగులు. చలికి మందపాటివి. ఒక్క కర్టెన్లతో పోతుందా? సోఫా కవర్లు, కుషన్లు, దిండు గలీబులు అన్నీ అటక మీంచి దించాలి, కలరా ఉండల వాసన పోయేదాకా ఆరేయాలి, విప్పినవాటిని ఉతికి ఇస్త్రీ చేసి మళ్ళీ అటకెక్కించాలి. ఇదంతా ఆఫీసు నుంచి వచ్చాక, వంటకీ పడకకీ మధ్య. మా ఆయన దీనికి పెట్టిన పేరు టైంపాస్. "గుడ్డలు మారిస్తే వాన ఆగుతుందా అమ్మాయ్?" అంటుంది మా అత్తగారు. ఆగదని నాకూ తెలుసు. గదిలోకి వచ్చిన మనిషి గుమ్మంలో ఒక్క క్షణం ఆగి "అబ్బ, బావుందే" అంటే చాలనుకునేదాన్ని. ఆ ఒక్క మాట కోసం ఇన్నేళ్ళు కుట్టాను.

ఈసారి పసుపుపచ్చ పూల గుడ్డ తెచ్చాను. వెనక తెల్ల అస్తరు వేసి, మిషన్ కుట్టు పైకి కనపడుతుందని అంచులన్నీ చేత్తోనే కుట్టాను. తగిలించిన మర్నాడు సాయంత్రం వీధి చివర బస్సు దిగి నడుస్తుంటే, రెండో అంతస్తు కిటికీలో పసుపు పూలు విరగబూసి కనిపించాయి. ఎవరిల్లో గానీ ఎంత బావుందో అనుకున్నాను. తీరా చూస్తే మా ఇల్లే. స్కోరుకి అడ్డం తప్పుకునే హడావిడిలో తిరగేసి తగిలించేశాను. పూలన్నీ వీధి పాలు, హాల్లోకి తెల్ల అస్తరూ, మడిచిన అంచులూ.

గబగబా మెట్లెక్కి స్టూలు దాకా వెళ్ళి ఆగిపోయాను. ఎవరు ముందు కనిపెడతారో చూద్దామనిపించింది. ఆ సాయంత్రం మా ఆయన దానికి ఎదురుగానే కూర్చున్నాడు. ఆ మర్నాడూ కూర్చున్నాడు. టీ ఇస్తూ రోజూ ఆయన మొహం వంక చూసేదాన్ని, ఇవాళైనా అడుగుతాడేమోనని. వానలు ముదిరాయి గానీ అడగలేదు. ఓ ఆదివారం వాళ్ళ ఆఫీసరు ఇంటికొచ్చాడు. "మా ఇంట్లో సీజన్‌కో సెట్ సార్. ఇంటి విషయంలో మా ఆవిడకి ఫుల్ ఫ్రీడమ్ ఇచ్చేశా" అంటూ మా ఆయన దర్జాగా కిటికీ వైపు చెయ్యి చూపించాడు. ఆ అస్తరునీ కుట్లనీ చూసి, "సింపుల్‌గా బావుందండీ" అన్నాడు ఆఫీసరు. నాకు నవ్వాగలేదు. ట్రే పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నవ్వాను. నవ్వు మధ్యలో ఎక్కడ ఏడుపైందో తెలీలేదు. "నీళ్ళు పోతున్నాయి అమ్మాయ్!" అని కేకేసింది అత్తగారు. వాళ్ళు చూడనిది కర్టెన్లని కాదని ఆ రోజు అర్థమైంది. టీ వేళకి అందితే చాలు, అందించే చేతి వెనక మనిషి ఉందో లేదో ఎవరికీ అక్కర్లేదు. ఆ సంగతి చెప్పుకోవడానికైనా ఆ ఇంట్లో నాకు ఎవరూ లేరు.

వానలు వెనకబట్టే రోజుల్లో ఓ సాయంత్రం, మా మెట్ల దగ్గర కర్ర పట్టుకుని మెల్లగా నడుస్తున్న పెద్దావిడ నన్ను ఆపింది. ఎదురు మేడలో ఉంటుందట.

"ఆ పసుపు పూల కిటికీ మీదేనా అమ్మా?"

"మాదేనండీ."

"మోకాలి ఆపరేషనై ఇన్నాళ్ళూ మంచం దిగలేదులే. బయట చూద్దామంటే ఒకటే ముసురు. పొద్దున్న కళ్ళు తెరవగానే మీ కిటికీనే చూసేదాన్ని. ఎవరు కుట్టారు?"

"నేనే." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మరి చలికాలానికి ఏం రంగు వేస్తావు?"

ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న. "ఎర్రది అనుకుంటున్నానండీ" అన్నాను.

"వెయ్యి తల్లీ, ఎదురుచూస్తుంటా" అని కర్ర ఊతంతో వెళ్ళిపోయింది. ఆ మాట పట్టుకుని మెట్లు ఎలా ఎక్కానో నాకు గుర్తులేదు.

చలి మొదలైంది. మందపాటి ఎర్ర గుడ్డ, దాని మీద చిన్న చిన్న తెల్ల మొగ్గలు. అదీ చేతికుట్టే. టీవీలో ఆట నడుస్తుండగానే స్టూలు తెచ్చి వేసుకున్నాను.

"కొంచెం పక్కకి జరుగు" అన్నాడు మా ఆయన.

జరగలేదు. ఒక్కో రింగే రాడ్డుకి ఎక్కిస్తూ నిలబడ్డాను.

"నిన్నే! స్కోరు కనపడట్లేదంటుంటే."

"అయిపోతుంది, ఉండండి."

చూడడానికి ఇంకేమీ లేక, తల ఎత్తి మొదటిసారి కిటికీ వైపు చూశాడు. అస్తరుని చూశాడు, అంచులు చూశాడు.

"అదేంటి, తిరగేసి కట్టావు?"

అత్తగారు కూడా కళ్ళజోడు సర్దుకుని, "అవునే అమ్మాయ్, బొమ్మలన్నీ అటు పోయాయి" అంది.

ఏళ్ళ తరబడి నేను ఎదురుచూసిన చూపు అది. తీరా వచ్చేసరికి దానితో నాకు పని లేకపోయింది. ఆఖరి రింగు ఎక్కించి, మడతలు సర్ది, స్టూలు దిగాను.

"తిరగెయ్యలేదండీ. చూసేవాళ్ళ వైపే కట్టాను."