బాయిలర్ షాపు భాష

రైల్వే బాయిలర్ షాపులో ఇనపరేకులకి రివెట్లు కొట్టికొట్టి జుట్టు నెరిసిన తవిటయ్య పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. కుడిపక్క పోయింది, దాంతోపాటే నోరూ పోయింది. డాక్టరుబాబు పెదవి విరిచేసి ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలోని ఆ రైల్వే క్వార్టర్‌లో ఇంక ఆడేదల్లా ఆయన ఎడమచెయ్యి ఒక్కటే.

ఆ చెయ్యి ఊరుకుంటే కదా! పెళ్లాం సింహాచలమ్మ కంటపడితే చాలు, పిడికిలి బిగించి మంచం పట్టెను రెండుసార్లు తట్టేవాడు, అరచెయ్యి బోర్లించి మెల్లిగా కిందికి దించేవాడు. ఏదో అడుగుతున్నాడు. పోయే మనిషి కోరిక తీర్చకపోతే ఎలాగ? దాహమేమోనని నీళ్లు పట్టింది. పక్క మార్చింది. గంజి కాచింది. ఇందా పేటలోని బజారుకి పరిగెత్తి ఆయనకిష్టమైన రసగుల్లా తెచ్చింది. అన్నిటికీ తల అడ్డంగా ఊపడమే, మళ్లీ అదే తట్టడం. కట్టుకున్నదానికే అర్థం కాకపోతే ఇంక నేనెందుకని తల గోడకేసి కొట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చాడు సత్యవేదం, రివెట్ల పనిలో తవిటయ్యకి జోడీ. ఆ షాపులో చెవులు చిల్లులుపడే మోత. నోటితో చెబితే వినపడదు, చేతులతోనే మాట్లాడుకోవాలి. ఆ అలవాటుకొద్దీ ఇద్దరూ సాయంత్రాలు అరుగు మీద కూర్చుని చేతులాడించుకుంటూ పడీపడీ నవ్వుకునేవారు. సింహాచలమ్మకి ఒళ్లు మండేది. ఒకనాడు ఇది కొంపా, బాయిలర్ షాపా అని ఇద్దర్నీ కడిగేసి, సత్యవేదాన్ని మళ్లీ గడప తొక్కొద్దంది. ఆనాటినుంచి తవిటయ్య ఇంట్లో చేతులతో ఒక్క మాటాడిన పాపాన పోలేదు. నాలుగు ముక్కలైనా నేర్చుకోకపోతినే అని ఇప్పుడేడిస్తే ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు!

సిగ్గు విడిచి అతని ఇంటికి పరిగెత్తింది. పిలుపు కోసమే కాచుకున్నట్టు సత్యవేదం చెప్పులైనా తొడుక్కోకుండా వచ్చాడు.

తవిటయ్య చెయ్యి మళ్లీ ఆడింది. సత్యవేదం చూసి, ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఏటడుగుతున్నాడన్నా? సెప్పు, నీ కాళ్లట్టుకుంటాను."

"ఏటీ అడగతం లేదు సెల్లీ. సుత్తి కొట్టీవోడు అలిసిపోతే మేం ఇలాగే సెప్తాం. 'అలిసిపోనావు, సుత్తి దించీ, కూకో' అని. నిన్నే అంటన్నాడు."

ఆయన మంచం పట్టినప్పటినుంచి ఆమె కూర్చోలేదు, కన్ను మూయలేదు, ముద్ద నోట పెట్టలేదు. ఎవరికీ పట్టదనుకుంది. నోరులేని మనిషి ఆమె కడుపులో దూరి చూసినట్టు అంతా చూస్తూనే ఉన్నాడు.

సింహాచలమ్మ కూలబడి బావురుమంది. ఆయన చెయ్యి ఆమె తల మీదికొచ్చి ఆగింది, ఇంక తట్టలేదు.

చాలాసేపటికి ఆమే పిడికిలి బిగించి, పట్టెను రెండుసార్లు తట్టి, అరచెయ్యి మెల్లిగా కిందికి దించింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన భాషలో ఆమె అన్న మొదటి మాట అది. తవిటయ్య కళ్లు మూసుకున్నాడు.