పక్కన చిన్న ‘స’

రెండు చేతులు చాలని పనులు ఇంట్లో కొన్ని ఉంటాయి. ఆరిన పెద్ద దుప్పటి మడతపెట్టడం అందులో ఒకటి. రెండు కొసలు గడ్డం కింద నొక్కిపట్టి, మిగిలిన రెండింటినీ చేతులు బార్లా చాపి అందుకుంటూ, ఆమె మంచం చుట్టూ తిరుగుతోంది. పక్క గదిలో ఆయన అక్కగారితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆ ఇంట్లో గోడలు పల్చన, ఆయన గొంతు చిక్కన.

“అమ్మాయికి నచ్చజెప్పక్కా. ఏడాదిపాటు ఎక్కడో ట్రైనింగంటే మాటలా? పెళ్ళయి ఆర్నెల్లు కాలేదు. మా ఆవిడకీ వచ్చిందిగా అప్పట్లో అలాంటి ఛాన్సు. నేను వెళ్ళమనే అన్నాను. తనే వద్దంది.”

గడ్డం కింది కొసలు జారిపోయాయి.

ఏడేళ్ళ కిందటి మాట అది. మొదట్లో “ఇద్దరం ఆలోచించుకుని వద్దనుకున్నాం” అనేవాడు. రెండేళ్ళు గడిచేసరికి అది “తనకంత ఇష్టం లేదు” అయింది. ఇప్పుడిలా. ఎప్పుడు మారిందో చెప్పడానికి ఓ తేదీ లేదు. అడిగితే “నేనెప్పుడన్నాను అలా?” అంటాడు. ఆ కళ్ళలో నిజమైన ఆశ్చర్యం ఉంటుంది. అబద్ధమాడుతున్నాడని కోప్పడే వీలు కూడా ఉండదు. పాత మాటను తుడిచేసి, తుడిచిన సంగతి కూడా తుడిచేసే మనిషి ఆయన. ఆమెను భయపెట్టేది మాత్రం ఆయన మతిమరుపు కాదు. ఎవరైనా అడిగితే ఈ మధ్య ఆమె కూడా నవ్వి, “అవును, నాకే ఓపిక లేకపోయింది” అంటోంది. అన్నప్పుడు అది నిజమే అనిపిస్తోంది కూడా.

ఇంటి దగ్గర మాట విషయంలో ఇంత వదులుగా ఉండే ఆమె ఆఫీసులో అంకెలు కాస్తుంది. ప్రభుత్వ సాయంతో కరెంటు కార్లకు బిగించే చార్జింగ్ పెట్టెలు ఎక్కడెక్కడ ఎన్ని పడ్డాయో మూడు నెలలకోసారి లెక్కగట్టి ప్రకటించడం ఆమె పని. “అంటే పెట్టెలు లెక్కపెడతావు, అంతేగా” అని ఆయన పదేళ్ళుగా నవ్విస్తున్నాడు చుట్టాలని. అంతే మరి. ఎక్కడో ఓ ఇంటి గోడకు ఎవరో ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేసుకుని, దుమ్ము కళ్ళలో పడకుండా మొహం తిప్పుకుని, నాలుగు రంధ్రాలు చేసి పెట్టె బిగిస్తాడు. ఫారం నింపుతాడు. ఆ ఫారం ఆమె పట్టికలో ఒక వరస అవుతుంది. అలాంటివి వేలు. పైనుంచి కిందికి జరుపుకుంటూ పోతుంటే, ఒక్కో వరస వెనకాల ఒక్కో గోడ, దాని వెనకాల ఒక్కో కుటుంబం కనిపించి, ఇప్పటికీ ఒక్కోసారి ఆమెకు ఒళ్ళు ఝల్లుమంటుంది. ఇందరు చేసిన పని ఎక్కడికీ పోకుండా ఒక అంకెలో దాక్కుని ఉంటుందే! ఆమె పనికి అలాంటి అంకె ఏదీ లేదు.

వేటిని ఎలా లెక్కపెట్టాలో నియమాలున్నాయి. ఫారం అందిన రోజు పనికిరాదు, పెట్టె బిగించిన రోజే లెక్క. జరిగిన తేదీ ముఖ్యం, చెప్పిన తేదీ కాదు. విడుదల ఫలానా రోజు ఉదయం తొమ్మిదిన్నరకని ముందే చాటుతారు. అంతకు ముందు చూడగలిగేది జాబితాలో పేరున్న కొద్దిమందే. ఒకసారి ప్రకటించిన అంకెను మంత్రిగారైనా మార్చలేరు. తప్పని తేలితే మార్చొచ్చు. అప్పుడు కొత్త అంకె పక్కన చిన్న ‘స’ పెట్టాలి. సవరించినది అని. పాతదెంతో, ఎందుకు మారిందో కింద రాయాలి. పాత పట్టికను ఎవరు అడిగినా చూపించాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ నియమం చదివి ఆమె కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. అన్న మాట అన్నట్టే ఉండే చోటు ఒకటి లోకంలో ఉందన్నమాట.

ఆ వారం విడుదలకి నాలుగు రోజులుందనగా చీమ వచ్చింది. చీమంటే ఆమె కింద పనిచేసే అమ్మాయి. లెక్కలు మళ్ళీ మొదట్నుంచీ వేసి సరిచూడటం ఆ పిల్ల వంతు. ఏ వరసనీ వదలకుండా పాకుతుందని ఆ పేరు ఆమే పెట్టింది.

“మేడం, మీరు కూర్చోండి. కూర్చున్నారా? పోయిన మూడు నెలల్లో ఒక కంపెనీ పెట్టెలన్నీ జంటలే. నంబరు ఒకటే, చివర ఒకదానికి ‘ఎ’, ఒకదానికి ‘బి’.”

ఆమె చూసింది. అపార్ట్‌మెంట్లలో పెట్టేవి రెండు మూతుల పెట్టెలు. ఒకేసారి రెండు కార్లకు పెట్టొచ్చు. ఆ కంపెనీవాళ్ళు మూతికో ఫారం నింపారు. చివరి అక్షరం వేరు కావడంతో కంప్యూటరు వాటిని వేరువేరు పెట్టెలనుకుంది. ఆమె కూడా అనుకుంది. పోయినసారి తొమ్మిదివేల రెండువందల పదహారని ప్రకటించిన దాంట్లో మూడువందల అరవైతొమ్మిది పెట్టెలు లోకంలో లేవు.

“నేనే చూసుకోవాల్సింది,” అంది ఆమె.

“నేను కూడా చూశానుగా మేడం అప్పుడు. ఇద్దరం చూశాం,” అంది చీమ. ఆమె ఆ ‘ఇద్దరం’ దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఇంట్లో ఆ మాట తప్పులకు వాడగా ఎప్పుడూ వినలేదు.

డైరెక్టరు మంచివాడే. టీ చల్లారేదాకా ఆలోచించాడు. “దీనికింత హడావుడెందుకండీ? ఈసారి అంకెలోంచి ఆ మూడువందల చిల్లర తీసేయండి. మొత్తం సరిపోతుందిగా. కాకి కూడా కనిపెట్టదు.”

“అలాగైతే ఈ మూడు నెలల్లో నిజంగా బిగించినవాళ్ళు బిగించనట్టవుతుంది సార్.”

“వాళ్ళొచ్చి అడుగుతారా?” నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, “అడుగున మీ పేరుంటుంది, ఫోన్ నంబరుంటుంది. పేపరువాళ్ళు చేస్తే మీకే చేస్తారు. మీ ప్రమోషన్ ఫైలు కూడా నా టేబుల్ మీదే ఉంది. ఆలోచించుకోండి. నిర్ణయం మాత్రం మీదే, రూలు అంతే.”

నిర్ణయం మీదే. ఏడేళ్ళ కిందట కూడా ఎవరో ఇలాగే అన్నారని ఆమెకు తోచింది. ఎవరు? ఏ రోజు?

ఇంటికొచ్చి చెప్పింది. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే, “నీ తప్పు నువ్వే ఊరంతా టముకు వేసుకుంటావా? గమ్మునుంటే పోయేదానికి,” అన్నాడు. అని, సోఫా కింద కాలితో తడుముతూ, “నా రెండో మేజోడు ఎక్కడ పెట్టావు?” అన్నాడు.

మేజోడు అన్న మాట వినబడగానే లోపలెక్కడో పాత పట్టిక తెరుచుకుంది. ఆ రోజు సోమవారం. ఆమె ఇస్త్రీ చేస్తోంది, కాలర్ దగ్గర ఆవిరి లేస్తోంది. ఆయన ఒక కాలికి మేజోడు వేసుకుని రెండో దానికోసం మంచం కింద వెతుకుతూ, మొహం కూడా ఎత్తకుండా అన్నాడు: “వెళ్తే వెళ్ళు. నిర్ణయం నీదే. తిరిగొచ్చేసరికి నీకీ ఇల్లు ఉంటుందని మాత్రం అనుకోకు.” ఆమె మేజోడు వెతికిచ్చింది. ఆఫీసుకు వెళ్ళి ‘నాకు ఆసక్తి లేదు’ అని రాసిచ్చింది. ఒక్క అక్షరం పోలేదు. ఆవిరి వాసనతో సహా ఉంది. జరిగిన తేదీతో ఉంది. అంతా ఇక్కడే ఉంటే, ఇన్నేళ్ళూ తను చూపించిన పట్టిక ఎవరిది?

మేజోడు కుర్చీ కిందే ఉంది. ఆమెకు కనిపిస్తూనే ఉంది. తీసివ్వలేదు.

విడుదల రోజు ఉదయం తొమ్మిదిన్నరకి కొత్త అంకెతో పాటు, దిద్దిన పోయినసారి అంకె కూడా బయటికెళ్ళింది. ఎనిమిదివేల ఎనిమిదివందల నలభైఏడు, పక్కన చిన్న ‘స’. కింద నాలుగు వాక్యాలు: ఏది తప్పో, ఎలా జరిగిందో, ఎలా దిద్దామో, ఇకముందు ఎలా చూసుకుంటామో. దాని కింద ఆమె పేరు. ఇంట్లో ‘ఇదిగో’ తప్ప ఎవరూ పలకని పేరు.

ఆకాశమేమీ విరిగిపడలేదు. పదయింది, పదిన్నరయింది. చీమ రెండుసార్లు వచ్చి ఫోను వంక చూసి వెళ్ళింది. పదకొండుకి మోగింది.

“నమస్తే అండీ. నేను కాలేజీలో చదువుకుంటున్నాను,” ఓ ఆడపిల్ల గొంతు, తడబడుతోంది. “మా ఊరి అపార్ట్‌మెంట్లన్నీ తిరిగి పెట్టెలు లెక్కపెట్టాను, ప్రాజెక్టుకి. మా ఊరికి మీరిచ్చిన అంకెతో కలవలేదు. మా సార్ మళ్ళీ వెళ్ళమన్నారు. మూడుసార్లు తిరిగానండీ. ఇవాళ చూస్తే కలిసింది. మూడు నెలల్నుంచీ నాకే లెక్క రాదనుకుంటున్నాను.”

ఎక్కడో కూర్చుని తను వదిలేసిన ఒక తప్పు అంకె, మొహం తెలియని ఓ పిల్లని ఎండలో మూడుసార్లు తిప్పింది. ఆ పిల్ల తన కళ్ళనే నమ్మకుండా చేసింది. ఓ చిన్న ‘స’ ఇవాళ ఆ కళ్ళు ఆ పిల్లకి తిరిగిచ్చింది. ఇంత చిన్న అక్షరానికి ఇంత బలమా అనుకుంది ఆమె.

“నీ లెక్క సరైందేనమ్మా,” అంది. “మొదట్నుంచీ సరైందే.”

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి దండెం మీద దుప్పటి ఆరి ఉంది. ఆయన ఫోను స్పీకర్లో పెట్టి అక్కగారితో మాట్లాడుతున్నాడు. “అమ్మాయి రేపే వాళ్ళకి చెప్పేయాలటరా,” అంటోంది వదినగారు. “రాత్రంతా ఏడుపే. ‘మీ అత్తయ్యని చూడవే, తనే వద్దనుకుని హాయిగా లేదూ’ అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది.”

ఆమె దుప్పటి తీసుకుని గదిలోకి వచ్చింది. రెండు కొసలు ఆయన చేతుల్లో పెట్టింది. “పట్టుకోండి. ఒక్కదానికి కుదరదు.” ఎందుకో తెలియక ఆయన పట్టుకున్నాడు.

“వదినా, అమ్మాయి పక్కనే ఉందా?”

“ఇదుగో, ఇక్కడే ఉంది. నువ్వైనా చెప్పమ్మా, నీ మాటంటే దానికి గురి.”

“అత్తయ్యా...” ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. “నీకు నిజంగానే వెళ్ళాలనిపించలేదా? నాకే ఇలా ఉందేంటి?”

ఆయన తల ఎత్తాడు. నోరు తెరిచాడు గానీ, రెండు చేతుల్లోనూ దుప్పటి ఉంది. ఆమె తన కొసలు రెండూ బిగించి పట్టుకుంది. బట్ట మధ్యలో ముడతలన్నీ సాపుగా విచ్చుకున్నాయి.

“నా సంగతిలో ఒక తప్పుందే తల్లీ. ఏడేళ్ళుగా నేను దిద్దలేదు. ఇవాళ దిద్దుతున్నాను, విను,” అంది ఆమె. “వద్దని రాసిచ్చింది నేనే. వద్దన్నది నేను కాదు.”