వెండిలో బొటనవేలు

చనిపోయినవాడి వేలిముద్ర కళ్ళెదుట తేలితే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పరు. అక్కకీ ఎవరూ నేర్పలేదు.

ఆమె, తమ్ముడు పనిచేసిన వర్క్‌షాపులో చవక ప్లాస్టిక్ షీట్ల మీద యాంటెన్నాలు ముద్రిస్తారు. ఇళ్ళలో ఉండే ప్రింటరు లాంటిదే, కాకపోతే సిరాలో వెండి ఉంటుంది. ఆకు ఆకారంలో పడే ఆ వెండి రకరకాల రేడియో తరంగాలను ఒక్కటే పట్టుకుంటుంది. షీటుకు ఒకవైపే పూత ఉంటుంది, వెండి నిలిచేది ఆ వైపే. ఏ వైపో కంటికి ఆనదు. అందుకని తమ్ముడు చేతి తొడుగు తీసేసి, షీటు మూల బొటనవేలితో నొక్కి చూసేవాడు. కాస్త అంటుకుంటే అదే పూత.

“తొడుగులేసుకోరా! జిడ్డంటితే వెండి పట్టదు,” అని అక్క మొత్తుకునేది.

“నువ్వు ముక్కు మూసుకుని కూర వండుతావా అక్కా?” అనేవాడు.

ఒక రోజు కట్ట మొత్తం అలాగే నొక్కి, పూత వైపు పైకి పేర్చి, బండెక్కి ఇంటికి బయల్దేరాడు. దారిలో లారీ గుద్దింది. అక్క కంట చుక్క నీరు రాలేదు. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు, వాళ్ళకదో పని.

పనిలోకి తిరిగొచ్చి ఆ కట్టలోంచి మొదటి షీటు ముద్రించగానే ఆమె వంగి చూసింది. ఆకు కాడ దగ్గర వెండి చెదిరి, మధ్యలో బొటనవేలి గీతలు. వాటికి అడ్డంగా నెలవంకలా గాటు. చిన్నప్పుడు తమ్ముడు బ్లేడుతో ఆడుతూ కోసుకున్నదే. సందేహమేముంది, వాడే.

వెండి పడితేనే వాడు కనిపిస్తాడు. కనిపించిన ప్రతిసారీ ఒక యాంటెన్నా పాడవుతుంది. అక్క రోజూ పాడుచేస్తూనే ఉంది. కట్ట పలచబడుతుంటే ఆమెకు భయం పట్టుకుంది.

చివరికి యజమాని వచ్చి నిలబడ్డాడు. “ఆకు బొమ్మని తలకిందులుగా తిప్పి వెయ్యండమ్మా. ముద్ర ఖాళీ మూలకి పోతుంది, కోసి పారేయొచ్చు. మీ బాధ తెలీదని కాదు. ఈ ఆర్డరు కూడా పోతే షట్టరు దించెయ్యాల్సిందే.”

అక్క తిప్పి వేసింది. ఆకులు శుభ్రంగా వచ్చాయి. మూలలు కోసి బుట్టలో వేసింది. ఏమీ లేని ఒట్టి ప్లాస్టిక్ ముక్కలు. కత్తెర పడ్డ ప్రతిసారీ వాణ్ణి తానే సాగనంపుతున్నట్టు అనిపించింది. కట్ట అయిపోయింది. ఆర్డరుకి ఇంకొక్క యాంటెన్నా తక్కువ పడింది.

తమ్ముడు ముట్టని కొత్త కట్ట సీలు విప్పింది. అటూ ఇటూ చూసి తొడుగు తీసి, ఖాళీగా మిగిలే మూల తన బొటనవేలితో నొక్కింది. కాస్త అంటుకుంది.

“సరేరా, నీ పద్ధతే,” అంది.

ప్రింటరు అటూ ఇటూ నడిచింది. ఆకు దిగింది. కాడ దగ్గర, ఆమె చెయ్యి పోనైనా పోని చోట, వెండి చెదిరి గీతలు తేలాయి. అడ్డంగా నెలవంక గాటు. ఆమె తన వేలు చూసుకుంది. ఏ గాటూ లేదు.

“ఆఖరిది అయిందామ్మా?” బయటి నుంచి యజమాని కేకేశాడు.

అన్నాళ్ళుగా రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

“తొడుగులేసుకోమని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు!” అని ఖాళీ గదిని కసిరి, ఏడుస్తూనే ఇంకో షీటు తీసింది.