మెడ వెనక నాలుగు జడలు

న్యోకాబి అత్తగారి పక్కగుడ్డలు లాగి బకెట్లో వేస్తుండగా గుమ్మంలోంచి భర్త వచీరా అన్నాడు: "విగ్గు పెట్టుకోకపోతే ఆ తలకి గుడ్డన్నా చుట్టుకో. పొద్దున్నే చూస్తే తిండి సయించడం లేదు."

బకెట్లో ఉన్నది అతని తల్లి మలం. దాని గురించి అతనికి ఏ ఇబ్బందీ లేదు. మూడేళ్ళుగా అతను దాన్ని చూడనే లేదు. ఇంట్లో అందరూ శోశో, అంటే నాయనమ్మ, అని పిలిచే ఆ ముసలావిడ తుంటి విరిగి మంచం పట్టిన రోజున, కొడుకు తల్లి ఒళ్ళు చూస్తే శాపం తగులుతుందనీ, అది తమవాళ్ళలో తాతలనాటి కట్టడి అనీ చెప్పి అతను గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఇప్పటికీ ఆ గుమ్మం దాటలేదు. అక్కణ్ణించే తల్లిని ఎలా ఉన్నావని అడుగుతాడు, అక్కణ్ణించే ప్రార్థన చేస్తాడు, అక్కణ్ణించే భార్య పనిలో లోపాలు ఎంచుతాడు. నకూరు పట్నంలోని వాళ్ళ చర్చిలో అతను సంఘపెద్ద. చొక్కా ఇస్త్రీ మడత చెడకుండా గుమ్మానికి ఎలా ఆనుకోవాలో అతనికి బాగా తెలుసు.

న్యోకాబి వంగి, శోశో చేతులు రెండూ తన మెడ చుట్టూ వేసుకుని, "పట్టుకో అమ్మా, లేపుతున్నా" అంది. శోశోకి చూపు దాదాపు పోయింది, చూడవలసినవన్నీ వేళ్ళతోనే చూస్తుంది. ఆ వేళ్ళు కోడలి మెడ వెనక ఏదో తగిలి ఆగాయి.

"ఇదేంటే?"

"జడలమ్మా. సన్నవి."

"అల్లినవి కావే ఇవి."

"కావు. జుట్టు కొసని దాని కుదుట్లోంచే దూర్చి దూర్చి లాక్కొస్తారు. జడ కట్టేసి ఉండిపోతుంది, ఇంక విప్పేది లేదు."

ముసలావిడ ఒక్కో జడనీ తడిమింది. సగం లేచిన ఒంటి బరువంతా కోడలి మెడ మీదే ఉంది. "అడవికెళ్ళినవాళ్ళకి ఉండేవి ఇట్లా," అంది చివరికి. "మా అన్నకీ ఉండేవి. తెల్లవాళ్ళ మీద కొట్లాటకని పోయాడు. ఒక్కసారి నేనే చిలగడదుంపలు పట్టుకెళ్ళి ఇచ్చా. తల నిండా పేలు, ఒళ్ళంతా కంపు. ఛీ! అయినా ఆ తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. పేలన్నీ తీయకముందే పొమ్మన్నారు. మళ్ళీ కనపళ్ళేదు." అని, జడల్ని గుప్పిట పట్టి గట్టిగా ఒక్క లాగు లాగింది. న్యోకాబికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ రోజు నుంచి ఎప్పుడు లేపినా ఆవిడ చేతులు తిన్నగా అక్కడికే వెళ్ళేవి. రోజుకి ఆరేడుసార్లు, బావి చేదతాడు పట్టుకున్నట్టు ఆ నాలుగు జడల్నీ పట్టుకునేది.

ఆ నాలుగూ పరీక్షకని పెట్టినవి. అసలు తల ఇంకా చేయించుకోలేదు. చేయించుకోగలదో లేదో ఆమెకే తెలియదు.

పెళ్ళికి ముందు వచీరా అన్న మాట ఒకటి ముప్పయ్యేళ్ళుగా న్యోకాబి చెవిలోనే ఉంది: "ఆడదాని తలలో చెయ్యి పెడితే వేళ్ళు జారిపోవాలి, ముళ్ళకంచెలో పెట్టినట్టుండకూడదు." అందుకని జుట్టు సాగదీసే మందు మొదలుపెట్టింది. ప్రతి రెండు నెలలకీ కుళ్ళిన గుడ్డు వాసన కొట్టే ఆ తెల్లటి ముద్ద కుదుళ్ళకి పట్టించడం, మాడు మండుతుంటే పళ్ళ బిగువున కూర్చోవడం. మంట రాకముందే కడిగేస్తే ఉంగరాలు పోవని చెప్పేవాళ్ళు. పుళ్ళు పడి, రసి కారి, తలగడ గలీబుకి అంటుకునేది. వచీరా లేవకముందే ఆమె ఆ గలీబు తీసి ఉతికేది, చూస్తే అతనికి వికారమని. మంట తగ్గాక అద్దం ముందు నిలబడితే, "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అనేవాడు. నలభై ఆరో ఏట కణతల దగ్గర జుట్టు పూర్తిగా రాలిపోయింది. అప్పుడు విగ్గు కొనుక్కోమన్నాడు. అప్పట్లో ఆమె పనిచేసే బీమా ఆఫీసులో, కొడుకు వయసున్న మేనేజరు, అందరి ముందూ ఆ విగ్గు మీద అరచేత్తో తట్టి, "ఇదీ, వచ్చేవాళ్ళకి మర్యాదగా కనిపిస్తుంది, మామా" అన్నాడు, వాళ్ళ భాషలో అమ్మా అనే పిలుపుతో. ఆ చేతి తడి విగ్గులోంచి మాడుకి తెలిసినట్టయి ఆ రోజంతా ఆమెకి అన్నం దిగలేదు.

ఆ తర్వాత మందు మానేసింది. విగ్గు కింద రెండేళ్ళు జుట్టు పెరగనిచ్చింది. స్నానాల గదిలో కత్తెరతో మందు తిన్న కొసలు కొద్దికొద్దిగా కత్తిరించి, కాగితంలో చుట్టి పారేసింది. కిందనుంచి మిరియపు గింజల్లా గట్టిగా చుట్టుకున్న ఉంగరాలు వచ్చాయి. యాభై నాలుగేళ్ళ మనిషి తన సొంత జుట్టుని పెళ్ళికి ముందు చూసినదే, మళ్ళీ ఇప్పుడే చూడటం. తలుపు గడియ వేసుకుని దాన్ని తాకి చూసుకునేది, దొంగసొత్తు తాకినట్టు.

ఇనుప సామాను కొట్టు పైమేడ మీద అపియో అనే కిసుము ఊరి అమ్మాయి సన్నజడలు వేస్తుంది. తలంతా నాలుగైదు వందలు, దారాల్లా. భోజనాల వేళ న్యోకాబి అక్కడికెళ్ళి విగ్గు తీసింది. అపియో ముందు కణతల వైపు చూసి నాలుక చప్పరించింది. ఆ తర్వాత ఒక్క వెంట్రుక తీసి వేలికి చుట్టి, సాగదీసి, వదిలింది.

"ఉంగరం గట్టిదే అక్కా. కానీ మందు తిన్న మాడు. కొందరికి రెండు వైపుల నుంచి సూది దూరిస్తే నిలుస్తుంది, కొందరికి మూడు, కొందరికి నాలుగు. నీ జుట్టు దేనికి నిలుస్తుందో నాకూ తెలీదు, నీకూ తెలీదు. దాన్నే అడుగుదాం."

మెడ వెనక, ఎవరికీ కనపడని చోట, ఆ మూడు రకాలుగానూ నాలుగు జడలు పెట్టింది. రెండు వారాలు నూనె అంటకూడదు, వట్టి సబ్బునీళ్ళతో కడగాలి, ఊరికే ముట్టుకోకూడదు. "అన్నిటికంటే ముఖ్యం ఒకటి," అంది అపియో. "తర్వాత నెలనెలా కుదుళ్ళు బిగిస్తాం కదా, అప్పుడు వరసగా వైపు మారుస్తూ రావాలి. ఒకే వైపు నుంచి లాగుతూ పోతే కుదుట్లో కన్నం పడుతుంది. పైకి ఏమీ తెలీదు. ఏ ఏడుకో జడ మొత్తం చేతిలోకి ఊడొస్తుంది."

మొదటి వారం గడిచాక వచీరా కంట పడనే పడ్డాయి. టీ పోయడానికి ఆమె వంగితే చూశాడు.

"ఏంటవి? పురుగుల్లా?"

చెప్పింది. అతను కప్పు దూరంగా జరిపాడు. "కడుగుతావా అసలు వాటిని? చర్చిలో నా పక్కన ఈ తలతో నిలబడతావా? చూసినవాళ్ళు పెద్దగారి భార్య అంటారా, బస్టాండులో గంజాయి అమ్ముకునేదంటారా? నాకైతే చెప్పలేనంత అసహ్యంగా ఉంది, మామా వంజిరా."

వంజిరా అమ్మా అని కూతురి పేరుతో పిలిచాడంటే మర్యాదగా మాట్లాడుతున్నానని అతని ఉద్దేశం. న్యోకాబి అతని ముందున్న సాసరు వైపు చూసింది. అందులో అతను కత్తిరించుకున్న కాలిగోళ్ళున్నాయి. తీసి పారేయడం ఆమె పని. సింకులో అతను ఉమ్మిన కఫం నీళ్ళు పోసి కడగడం, గడ్డం గీసుకున్నాక సబ్బుకి అంటిన వెంట్రుకలు ఏరడం, చీది చీది గట్టిపడిన చేతిరుమాళ్ళు వేడినీళ్ళలో నానబెట్టడం, లోపలి బట్టల మీది మరకలు తోమడం ఆమె పనే. ముప్పయ్యేళ్ళలో ఒక్కసారి ముక్కు ముడవలేదు. ముడవచ్చని కూడా తోచలేదు. ఈ ఇంట్లో అసహ్యపడే హక్కు అతనొక్కడిదే అని ఎప్పుడు ఒప్పుకుందో ఆమెకి గుర్తు రాలేదు. ఆ సాసరుని చూస్తుంటే కడుపులోంచి పుల్లగా పైకి తన్నుకొచ్చింది. మింగేసింది. సాసరు మాత్రం తీయలేదు. సాయంత్రానికి గోళ్ళు అక్కడే ఉన్నాయి. మర్నాడు తీసింది, చీమలు పట్టాయని.

రెండు వారాలకి అపియో చూసి కనుబొమలెగరేసింది. రెండువైపులది సగం ఊడిపోయింది, నాలుగువైపులది కుదుట్లో నలిగిపోయింది, మూడువైపులవి రెండూ మాత్రం పెట్టిన రోజులాగే ఉన్నాయి.

"ఎవరో లాగుతున్నారు కదక్కా వీటిని?"

"మా అత్తగారు. లేపినప్పుడల్లా."

అపియో పడీపడీ నవ్వింది. "నా దగ్గరికొచ్చేవాళ్ళెవ్వరూ ఇంత పరీక్ష పెట్టి తేలేదు! ఇంక దీనికి తిరుగులేదు. మూడువైపులది వేద్దాం. కానీ రెండు రోజులు కూర్చోవాలి. పొద్దున్నించి చీకటిపడేదాకా. మొదటిరోజు సగం, రెండోరోజు సగం. సగంలో లేచి మళ్ళీ వచ్చే నెల వస్తానంటే నేను ముట్టుకోను, చేసిందీ చెయ్యందీ కలిసి చిక్కుపడి మొత్తం కత్తిరించాల్సొస్తుంది. ఒకామెకి అట్లాగే అయ్యింది. ఇక్కడే తిండీ, పడకా, అన్నీ నాతోనే. ఇంటికెళ్తే నువ్వు మళ్ళీ రావు, నాకు తెలుసు."

రెండు రోజులు! న్యోకాబి పురుళ్ళకి ఆస్పత్రిలో పడుకున్నప్పుడు తప్ప రెండు రోజులు వరసగా ఎక్కడా కూర్చుని ఎరగదు. వారం రోజులు లోపల్లోపల భయపడింది. తను లేనప్పుడు ముసలావిడకి ఏమన్నా అయితే? ఆఖరి చూపు అందకపోతే? తన తల్లి పోయిన రోజున కూడా ఈ ఇంట్లో వడ్డిస్తూ ఉండి వెళ్ళలేకపోయింది. ఆ భయాన్ని నెత్తిన పెట్టుకుని, ఆడపడుచు గథోనీకి ఫోన్ చేసింది. "అమ్మ కదా వదినా, నేను చూసుకోనా!" అంది గథోనీ. న్యోకాబి రాగిజావకి పిండి కొలిచి డబ్బాలో పోసింది, గుడ్డలు మడతపెట్టి మంచం పక్కన పెట్టింది, ఫ్లాస్కుల నిండా వేడినీళ్ళు పోసింది.

"రెండు రోజులా, ఆ తల కోసం?" అన్నాడు వచీరా. "నీకు మతి పోయింది."

"గథోనీ వస్తుంది. అన్నీ పెట్టాను" అని మాత్రం అంది.

మొదటిరోజు మధ్యాహ్నం మూడయింది. కుడివైపంతా సన్నజడలు, ఎడమవైపంతా విచ్చిన మబ్బులా జుట్టు. పక్క కుర్చీలో ఒక నర్సు, జడలు వేసి ఏడేళ్ళయిందట, కుదుళ్ళు బిగించుకుంటూ, "మొదట్లో మావాడూ వాసనన్నాడు. ముక్కు మార్పించుకో అన్నా" అని చెబుతోంది. అందరూ నవ్వుతున్నారు. అప్పుడు ఫోన్ మోగింది.

"అమ్మ పక్క పాడుచేసింది. రా" అన్నాడు వచీరా.

"గథోనీ ఏదీ?"

"ఏదో స్త్రీల సమావేశమట, పన్నెండింటికే వెళ్ళిపోయింది. అప్పట్నించీ అట్లాగే ఉంది. ఇల్లంతా కంపు. నేను భరించలేకపోతున్నా."

పన్నెండు నుంచి మూడు దాకా.  ఆ మూడు గంటలూ అతను ఏం చేశాడు? కిటికీలు తెరుచుకుని పేపరు చదివి ఉంటాడు. మధ్యాహ్నం తిని ఉంటాడు కూడా. గోళ్ళ సాసరు చూసినప్పుడు మింగింది మళ్ళీ గొంతులోకి వచ్చింది. ఈసారి మింగలేదు.

"నేను రాను."

"ఏమన్నావ్?"

"రేపు సాయంత్రం వస్తాను. ఫ్లాస్కులో వేడినీళ్ళున్నాయి, మంచం కింద బేసినుంది, గుడ్డలు పక్కనే ఉన్నాయి."

"శాపమే అది! మా అమ్మ ఒళ్ళు నేనెట్లా చూస్తాను? తెలిసే మాట్లాడుతున్నావా?"

"స్పీకరు పెట్టి ఫోన్ గుమ్మంలోంచి చాచు. అమ్మతో మాట్లాడాలి."

గరగరమని చప్పుడు. ఆ తర్వాత శోశో గొంతు, దూరంగా: "నువ్వు చచ్చావా ఏంటే?"

"లేదమ్మా. తల చేయించుకుంటున్నా."

"ఎంతయింది?"

"సగం."

"చలేస్తోంది నాకు. వీడు ముక్కు మూసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కనపడకపోతే మాత్రం తెలీదా?"

న్యోకాబి కాళ్ళు వాటంతటవే లేచాయి. సూది ఇంకా కుదుట్లోనే ఉంది, చురుక్కుమంది. అపియో చెయ్యి తీసేసింది.  న్యోకాబి మళ్ళీ కూర్చుంది.

"అమ్మా, నీకు శాపం భయమైతే చెప్పు. ఈ సగం తలతోనే వచ్చేస్తా. నడిరోడ్డు మీద నడిచొస్తా. కానీ నువ్వు చెప్పాలి. అతని మాట మీద రాను."

 ఫోన్లో ముసలావిడ ఎక్కడికో ఉమ్మిన చప్పుడు.

"మీ ఇద్దర్నీ తగలెయ్య! ఏరా, ఏ దారిన వచ్చాననుకుంటున్నావురా ఈ లోకంలోకి? చర్చి గేటులోంచా?" అని, ఆ ఒంట్లో అంత గొంతు ఎక్కడ దాచిందో, ఒక్క కేక పెట్టింది: "వచీరా! నీళ్ళు తే!"

బూట్లు విప్పిన చప్పుడయింది. బేసిను కింద పడింది. ఎవరో డోకుతున్నారు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ప్రతి చప్పుడుకీ లేచి వెళ్ళింది తనే.

న్యోకాబి ఫోన్ ఆపేసి సంచి అడుగున పడేసింది. లోపలి అసహ్యం ఏమాత్రం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా అనిపించలేదు.

"తర్వాతి పాపిడి తియ్యి" అంది అపియోతో.